మాసిడోనియా రాజుకు మా ఊరి సాక్ష్యం

అలెగ్జాండర్ అంటే మీకు ఒక్కడే తెలిసి ఉంటాడు, గుర్రమెక్కి మన దేశం దాకా వచ్చినవాడు. నాకు ఇంకొకడు కూడా తెలుసు. ఆయనకు తాతల నాటివాడు. పేరూ అదే, రాజ్యమూ అదే మాసిడోనియా. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, ఆ పెద్ద అలెగ్జాండర్ సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చెప్పనా మరి! ఆ రాజు జహీరాబాదు బడి మైదానంలో పరుగెత్తాడు. నా కళ్లతో చూశాను. ఆ వేషం కట్టింది నా బిడ్డ కొడుకు సిద్దప్ప.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఫిబ్రవరి నెల. ఎమర్జెన్సీ పోయి ఇంకా ఏడాది నిండలేదు. రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరి పోతుండేవి, ఊరంతా బెల్లం వాసన. మా ఇంటి ముందరి గదిలో హైస్కూలు సోషల్ సారు మదన్‌మోహన్ అద్దెకుండేవాడు. సంగారెడ్డి వైపు మనిషి, ఇంకా పెళ్లి కాలేదు. పేపరు చేతిలో పడితే అన్నం మరిచిపోయేవాడు. ఒకనాడు పొద్దున్నే ఆ పేపరు పట్టుకొని నా పొయ్యి దగ్గరికే వచ్చేశాడు. గ్రీసు దేశంలో ఎవరో మట్టిదిబ్బ తవ్వితే రాజు సమాధి బయటపడిందట. బంగారు పెట్టె, అందులో ఎముకలు. మన దేశం మీదికొచ్చిన అలెగ్జాండర్‌కు కన్నతండ్రి సమాధి అని తవ్వినాయన అంటున్నాడట, కాదని అనేవాళ్లూ ఉన్నారట. సారు కళ్లు దీపాల్లా వెలుగుతున్నాయి. ఈసారి బడి వార్షికోత్సవానికి మాసిడోనియా నాటకమే వేయిస్తానన్నాడు.

అప్పుడే నాకు ఆ కథంతా చెప్పాడు. నేను జొన్నరొట్టె కొడుతూ విన్నాను. ఒక కొండదేశంలో రాణి తన చేత్తో తానే రొట్టెలు చేసేదట. రాణీ! నాకు అక్కడే కథ మీద మనసు పడింది. వాళ్ల దగ్గర ముగ్గురు అన్నదమ్ములు పశువులు కాసేవాళ్లట. దక్షిణాన ఆర్గోస్ అనే గ్రీకు ఊరి నుంచి వెళ్లగొడితే పారిపోయి వచ్చినవాళ్లు. అందులో చిన్నవాడి రొట్టె పెనం మీద ప్రతిసారీ రెండింతలు పొంగేదట. వీడు తనను మించిపోతాడని రాజుకు గుండె జల్లుమని వాళ్లను పొమ్మన్నాడు. తిరిగి తిరిగి ఆ చిన్నవాడే మాసిడోనియాకు మొదటి రాజయ్యాడని వాళ్లు చెప్పుకునే కథ.

ఆ వంశంలోవాడే ఈ పెద్ద అలెగ్జాండర్. ఒలింపియా అనే చోట గ్రీకులు పెద్ద జాతర చేసి పరుగు పందేలు పెట్టేవాళ్లు. గ్రీకులు తప్ప వేరేవాళ్లు పరుగెత్తకూడదు. ఈయన వెళ్లి గీత దగ్గర నిలబడగానే పక్కనున్నవాళ్లు అడ్డం తిరిగారట. నువ్వు మాసిడోనియావాడివి, నీ మాట మాకు పట్టదు, నువ్వు బార్బరువి, అవతలికి పో అన్నారట. ఎవరి మాట తమకు అర్థం కాకపోతే వాళ్లను బర్ బర్ అని అరిచేవాళ్లు అనడం గ్రీకుల అలవాటట.

నేను రొట్టె తిప్పడం మరిచి అడిగాను, ఇంతకీ ఆ మాసిడోనియావాళ్లు ఏ భాష మాట్లాడేవాళ్లని.

"అదే తేలలేదమ్మా. రాతలల్ల ఏవో గిన్ని మాటలు, గిన్ని పేర్లే మిగిలినయ్. గ్రీకు భాషనే, యాస వేరే అని కొందరంటరు. కాదు, భాషనే వేరే అని కొందరంటరు. రెండువేల అయిదొందల ఏండ్లసంది గిదే పంచాయితి."

నాకు నవ్వొచ్చింది. అన్ని వేల ఏళ్లు ఎందుకు, మా ఇంటికొచ్చి చూస్తే ఒక పూటలో తేల్చేద్దురు కదా అన్నాను. మా అమ్మ బీదరు వైపు మనిషి. నన్ను జోకొట్టింది కన్నడంలో, తిట్టింది తెలుగులో, బజారులో బేరమాడింది ఉర్దూలో. ఎవరైనా నన్ను, నాగమ్మా, నువ్వు ఏ భాషదానివని అడిగితే, ముందు నీకేం కావాలో చెప్పు అంటాను.

నా బిడ్డ మనోరమను చిరాగ్‌పల్లి దాటి, చెక్‌పోస్టు అవతల కర్ణాటక ఊళ్లో ఇచ్చాం. అల్లుడు రేవణసిద్ధప్ప అల్లం, చెరుకు పండించే రైతు. వాళ్లింట్లో కన్నడం. సిద్దప్ప ఏడు దాకా అక్కడే చదివి, అక్కడ హైస్కూలు దూరమని ఎనిమిదిలో నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు బాగానే వచ్చు, తల్లి నేర్పింది కదా. కాని మాట చివర జర లాగేవాడు, ఊయల చివరికి పోయి ఆగినట్టు. నాకదే ముద్దుగా ఉండేది. బడిలో పిల్లలకు ముద్దుగా ఉంటుందా? కన్నడపోడు అని పేరు పెట్టారు.

మదన్‌మోహన్ సారు రాజు వేషం వాడికే ఇచ్చాడు. పొడుగ్గా ఉంటాడు, మాట వెనక బెంచీ దాకా వినబడుతుంది, పైగా పరుగులో వాణ్ని పట్టుకునేవాడు లేడు. నాటకం చివర్లో నిజంగానే మైదానం చుట్టూ పరుగు ఉంది మరి. ఆ వార్త తెచ్చిన రోజు వాడు గుమ్మంలోకి రావడమే దూకుతూ వచ్చాడు. నేను బెల్లం నోట్లో పెట్టాను.

ఆ సంతోషం వారం కూడా ఉండలేదు. బడి కమిటీలో రామ్‌కిషన్ అని బట్టల దుకాణం సేటు ఉండేవాడు. నాటకానికి తెల్ల తాన్లన్నీ ఆయనే ఇచ్చాడు, ఆ మాట కాదనను. ఆయన కొడుకు జగన్‌మోహన్ కూడా తొమ్మిదే. రాజు వేషం తనదేనని ఆ పిల్లవాడు అనుకున్నాడు. సారు వాడికి పందెంలో రాజుకు అడ్డం తిరిగే గ్రీకువాడి వేషం ఇచ్చాడు. అదీ పెద్ద వేషమే, కాని కిరీటం లేదు. సేటు బడికి పోయి, సంగారెడ్డి నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు, తెలుగు నాటకంలో రాజు తెలుగు సరిగా పలికేవాడై ఉండాలి కదా, బయటివాణ్ని తెచ్చి గద్దెనెక్కిస్తే మన పిల్లలేం కావాలి అన్నాడట. సారు నవ్వి, సేటూ, మీరు మా నాటకంలో మాటే చెప్తున్నారు, వేషం కట్టండి అన్నాడట. హెడ్మాస్టరు ఎటూ తేల్చక, సారు ఇష్టం అన్నాడు. వేషం నిలిచింది. కాని పిల్లవాడి మనసు నిలవలేదు.

ఎందుకంటే జగన్‌మోహన్ రోజూ రాజు మాటల్ని సిద్దప్పలా లాగి లాగి చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు. ఒక సాయంత్రం సిద్దప్ప పుస్తకాల సంచి విసిరి గోడకు ఒరిగి కూర్చున్నాడు. ఏమైందిరా అని అడిగాను. వాడన్నాడు:

"అమ్మమ్మా, ఈడ నన్ను కన్నడపోడంటరు. మా ఊరికి పోతే తెలుగోడొచ్చిండంటరు. నేను ఏడోన్నే?"

లేచి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. వాడే మళ్లీ చెప్పాడు, నాన్నకు కబురు పంపాను, నాటకం అయిపోగానే ఆయన వెంట వెళ్లిపోతాను, ఇక బడి వద్దు, చెరుకుతోటలో పని చేసుకుంటాను అని. వేషం మాత్రం వదలను, లేకపోతే భయపడ్డాడంటారు అని. మొండితనం నా పోలికే.

అల్లుడు కూడా సరేనన్నాడని మర్నాడు తెలిసింది. పరాయివాడిలా పడి ఉండటమెందుకు అన్నాడట. నేను రాత్రింబవళ్లు ఒక్కటే అనుకున్నాను: ఆ పిల్లవాడు నా గుమ్మం దాటి పోకూడదు, బడి మానకూడదు. ఎలా ఆపాలో మాత్రం తెలియదు.

వార్షికోత్సవం రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకే మైదానం నిండింది. ముందు వరసలో కుర్చీల మీద ఆఫీసర్లు, సేటు, కమిటీవాళ్లు. వెనక జంపఖానాల మీద మేమంతా. మా వీధి మంత్రసాని దేవమ్మను నేనే పిలుచుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముసలిది, వినబడటం కొంచెం తక్కువ, చూపు మాత్రం గద్దదే. అల్లుడు రేవణసిద్ధప్ప బస్సు దిగి నేరుగా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. చేతిలో ఖాళీ సంచి. పిల్లవాడి బట్టలు సర్దడానికని నాకు అర్థమైంది.

తెర లేచింది. పిల్లలంతా సేటు తెల్ల బట్టలు భుజం మీదుగా చుట్టుకొని వరసగా నిలబడ్డారు, అబ్బ, ఎంత ముచ్చటగా ఉన్నారో! సిద్దప్ప నెత్తిన బంగారు కాగితం కిరీటం. గుండయ్య అనే లావుపాటి పిల్లవాడు న్యాయాధిపతి, ఎత్తు పీట మీద కూర్చున్నాడు. మొదటి మాట సిద్దప్పదే. వాడు నోరు తెరిచి, మాసిడోనియా నుంచి పరుగు కోసం వచ్చాను అన్నాడు, చివర లాగాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా వేళ్లు దేవమ్మ చెయ్యి పట్టేసుకున్నాయి. వాడు ఆగలేదు. గట్టిగా ఊపిరి పీల్చి రెండో మాట ఇంకా పెద్దగా చెప్పాడు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు జగన్‌మోహన్ ముందుకు వచ్చాడు. వాడూ బాగానే చేశాడు, ఎందుకు అబద్ధం చెప్పాలి. చెయ్యి చాచి, ఇతడు గ్రీకువాడు కాడు, ఇతని పలుకు మన పలుకు కాదు, ఇతని కాలు ఈ గీత మీద పడరాదు అని మైదానం మారుమోగేలా అన్నాడు. కడుపులో నిజంగా ఉన్నదే కదా, అందుకే అంత బాగా పలికింది.

గుండయ్య గొంతు సవరించుకొని జనం వైపు తిరిగి అడిగాడు:

"ఇతడు మనవాడని సాక్ష్యం చెప్పువారు ఈ సభలో ఎవరైనా ఉన్నారా?"

నాటకం రాతలో ఏముందంటే, ఇక్కడ ఆర్గోస్ ముసలివాడు తెర వెనక నుంచి వచ్చి, ఆ ముగ్గురు అన్నదమ్ముల కథ, పొంగిన రొట్టె కథ చెప్పి రాజు వంశం రుజువు చేయాలి. ఆ వేషం నర్సింలు అనే పిల్లవాడిది. జనపనార గడ్డం అప్పుడే ఊడిందట, తెర వెనక దారంతో కడుతున్నారట. మాకేం తెలుసు? వేదిక మీద అందరూ నిలబడిపోయారు. ఎవరూ రాలేదు. సిద్దప్ప మాత్రం గీత ముందు తల వంచి నిలబడి ఉన్నాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పంచాయితీ గద్దె మీద నుంచి సాక్ష్యం ఎవరని అడిగాక, తెలిసినవాడు తెలిసి కూర్చుంటే అది పాపం. గొడ్డు తప్పిపోయిన తగాదా అయినా, గట్టు తగాదా అయినా, అడిగితే లేవాలి. చిన్నప్పటి నుంచి అదే చూసి పెరిగిన కాళ్లు నావి. అవి నన్ను అడగలేదు, లేచాయి.

"నేనున్న," అన్నాను. "నా బిడ్డ కొడుకు. నా ఇంట్ల పిల్లగాడు."

జనమంతా నా వైపు తిరిగారు. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. అందరికీ అది సాక్ష్యమే అనిపించింది మరి. ఓ మూల నుంచి ఎవరో, అవును, ఆమెను చెప్పనియ్యండి అన్నారు కూడా. ఆఫీసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సేటు కుర్చీలోంచే వెనక్కి తిరిగాడు. ఆయనా మా గడ్డ మీద మనిషే కదా, సాక్ష్యం లేస్తే అడ్డు ప్రశ్న వేయాలి. వేశాడు.

"బిడ్డ కొడుకు అల్లునింటోడైతడు గని, మనోడెట్లైతడక్క? నువ్వే చెప్పు."

నాకు చురుక్కుమంది. ఆ మాట ఆచారం ప్రకారం నిజమే. పంపకాల తగాదాల్లో నేనే ఎంతమంది దగ్గర అన్నానో. అటు చూస్తే అల్లుడు సంచి గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. సిద్దప్ప కిరీటం తీసేద్దామా అన్నట్టు చెయ్యి పైకెత్తాడు.

దేవమ్మ నా కొంగు లాగి ఏమడుగుతున్నారని అడిగింది. ఈ పిల్లవాడు మనవాడేనా అని అడుగుతున్నారు అని చెవిలో చెప్పాను. అంతే, నా భుజం పట్టుకొని లేచింది. లేవడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ మైదానం మైదానమంతా ఎదురుచూసింది.

"ఎవలడుగుతున్నరు? సేటా? సేటూ, తొలి కాన్పుకు మనోరమ గీడికే వచ్చింది. నాగమ్మక్క ఇంట్ల గీ పోరని బొడ్డు కోసింది నేనే. మాయ పెరట్ల బొందపెట్టింది నేనే. అదే వానకాలం నీ కొడుకు బొడ్డు గూడ గదే కొడవలితోని కోసిన. ఇద్దరిదీ గీ మట్టిలనే ఉన్నది. ఏది ఎవలదో నువ్వు తవ్వి చెప్పు."

ఇక మొదలైంది చూడండి! చప్పట్లు, ఈలలు, పడీ పడీ నవ్వులు. కన్నడంలో ఒకరు, ఉర్దూలో ఒకరు, మరాఠీలో ఒకరు, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు దేవమ్మను మెచ్చుకుంటున్నారు. సేటు కూడా నవ్వాడు. మెల్లగా నవ్వాడు, చేత్తో నోరు మూసుకొని నవ్వాడు, కాని నవ్వాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది ఆచారం, బొడ్డు కోసిన చోటు కాదనడానికి ఆయనకు దారి లేదు.

గుండయ్య బిక్కమొహం వేసి వేదిక పక్కకు చూశాడు. అక్కడ మదన్‌మోహన్ సారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని ఉన్నాడు. అలాగే తలూపాడు. గుండయ్య పీట మీద సర్దుకొని, సాక్ష్యం కుదిరింది, ఇతడు గ్రీకువాడే, పరుగెత్తవచ్చు అని తీర్పు చెప్పేశాడు. అప్పుడు, అంతా అయిపోయాక, నర్సింలు దారం గడ్డంతో తడబడుతూ వచ్చి, నేను ఆర్గోస్ నగరం నుంచి వస్తున్నాను అని మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎవరో, అయిపోయింది తాతా, పొయి కూసో అన్నారు. పాపం, ఆ రొట్టె కథ ఆనాడు ఎవరూ వినలేదు.

ఇక పందెం. వేదిక ముందు సున్నం గీత. అక్కడి నుంచి జెండా కర్ర చుట్టి, బావి చుట్టి, మళ్లీ గీత దగ్గరికి రావాలి. అక్కడ డ్రిల్లు సారు మనుషులు తాడు పట్టుకొని నిలబడ్డారు. అసలు రాజు ఆ పందెంలో మొదటివాడితో సమానంగా వచ్చాడని ఉందట. అందుకని బావి దగ్గర నుంచి ఇద్దరూ భుజం భుజం కలిపి రావాలని సారు నేర్పించాడు. కాని విజిల్ పడ్డాక ఎవరికి గుర్తుంటుంది? జగన్‌మోహన్ విల్లు వదిలిన బాణంలా పోయాడు. సిద్దప్ప కిరీటం ఎగిరిపోయింది. సేటు కుర్చీ మీదికెక్కి, ఉరుకు బిడ్డా ఉరుకు అంటున్నాడు. నేను చెప్పులు చేతిలో పట్టుకొని తాడు దగ్గరికి పరుగెత్తాను, ఆ వయసులో!

జెండా కర్ర దగ్గర జగన్‌మోహన్ ముందున్నాడు. బావి తిరిగేటప్పుడు సిద్దప్ప లోపలి వైపు నుంచి దాటాడు. దాటడమే కాదు, దూరం పెరుగుతూ వచ్చింది. చుట్టిన తెల్ల గుడ్డ జెండాలా వెనక రెపరెపలాడుతోంది. అల్లుడు సంచి ఎక్కడో పడేసి కన్నడంలో అరుస్తున్నాడు. సారు మాత్రం వేదిక అంచున నిలబడి, కలిసి రావాలి, కలిసి రావాలి అని గొంతు చించుకుంటున్నాడు. ఆ హోరులో ఆయన మాట ఎవరికి వినబడుతుంది?

సిద్దప్పకు వినబడిందో, తనకే గుర్తొచ్చిందో! తాడుకు అడుగు దూరంలో టక్కున ఆగాడు. ఆగి వెనక్కి తిరిగాడు.

జనం గుండెలు బాదుకున్నారు. ఉరుకు, ఉరుకు అని నేను కూడా అరిచాను, నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఏ రాజూ గుర్తులేడు. జగన్‌మోహన్ రొప్పుతూ వస్తున్నాడు. కొడుకు గెలుపు ఎదురుగా నిలబడి ఉంటే తండ్రి ఊరుకుంటాడా, సేటు గొంతు మైదానాన్ని చీలుస్తోంది. వాడు పక్క నుంచి దూరిపోతే చాలు, పందెం వాడిదే. వాడు తండ్రిని చూశాడు. తాడును చూశాడు. సిద్దప్పను చూశాడు. ఎక్కడలేని కోపం వచ్చినట్టు పళ్లు కొరికి, వచ్చిన ఊపులోనే సిద్దప్పను భుజంతో ఒక్క తోపు తోశాడు. తాడు తెగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అవతల దుమ్ములో పడ్డారు.

ఎవరు ముందు? ఆ సంగతి మా ఊళ్లో నలభై ఏళ్ల తర్వాత కూడా తేలలేదు. తాడు పట్టుకున్న ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. గుండయ్య పీట దిగి వచ్చి, దుమ్ము మాత్రమే కనబడింది, ఇద్దరూ సమానమే అన్నాడు. సారు మాత్రం చిన్నపిల్లవాడిలా ఎగిరాడు. సరిగ్గా ఇలాగే, సరిగ్గా ఇలాగే అంటూ నా చేతులు పట్టుకొని ఊపేశాడు.

నేను పిల్లల దగ్గరికి చేరేసరికి ఇద్దరూ లేచి కూర్చున్నారు. జగన్‌మోహన్ మోకాలు కొట్టుకుపోయింది. దుమ్ము ఊస్తూ మా వాణ్ని తిడుతున్నాడు.

"ఎందుకాగినవ్ రా? నాకు భిక్షమేస్తున్నవా?"

"కథల గట్లనే ఉన్నది కదా," అన్నాడు సిద్దప్ప, చివర లాగుతూనే.

"కథ లేదు గిథ లేదు. రేపు పొద్దుగాల ఈడికే రా. మళ్ల ఉరుకుదాం. ఈసారి ఆగినవనుకో, మీ దేవమ్మ కొడవలి నేనే తెస్త."

సేటు వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. తన తెల్ల తాను చిరిగి పోగులైంది చూసి ఏమనాలో తెలియక, ముందు మోకాలికి మందు రాయించుకోండ్రి, దవాఖానకు పదండ్రి అన్నాడు. ఇద్దరినీ కలిపే అన్నాడు, నేను విన్నాను.

అల్లుడు రేవణసిద్ధప్ప సంచి వెతుక్కొని వచ్చాడు. ఆఖరి బస్సు వేళైంది, బట్టలు సర్దుకో, పోదాం పద అన్నాడు కొడుకుతో. సిద్దప్ప ముఖం తుడుచుకొని, దుమ్ములో నిలబడి తండ్రితో అన్నాడు:

"అప్పా, నేను రాను. రేపు పొద్దుగాల పందెమున్నది."

అల్లుడు నా వైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని, అత్తా, వీనికి రొట్టె జర పెద్దగ చెయ్ అని చెప్పి బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.